రిక్వైర్‌మెంట్ పత్రం నుంచి ఏఐతో టెస్ట్ కేసులు: ఓటీపీ లాగిన్ మాడ్యూల్ డైరీ

## ముడిసరుకు

రిక్వైర్‌మెంట్ పత్రాన్ని (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పేది) ఏఐ మోడల్‌కు ఇచ్చి టెస్ట్ కేసులు (అది అలాగే చేస్తోందో లేదో చూసే పరీక్షలు) రాయించిన డైరీ ఇది. అంతా ఒక్క చిన్న మాడ్యూల్ (సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం) మీదే నడుస్తుంది. కింద కనిపించే ప్రతి లెక్కనూ ఎవరైనా కాగితం మీద వేసి సరిచూసుకోవచ్చు. మోడల్‌కు ఇచ్చిన పత్రంలో ఉన్నవి ఈ ఎనిమిది వాక్యాలే:

- ఆర్-1. నమోదప్పుడు వాడుకరి పేరు 3 అక్షరాలకు తగ్గకూడదు, 20 అక్షరాలు మించకూడదు.
- ఆర్-2. ఓటీపీ సరిగ్గా 6 అంకెలు. ఇంకేది ఇచ్చినా తిరస్కరించాలి.
- ఆర్-3. ఓటీపీ 5 నిమిషాల పాటు చెల్లుతుంది.
- ఆర్-4. వరుసగా 3 సార్లు తప్పు ఓటీపీ ఇస్తే ఖాతా 15 నిమిషాలు లాక్ అవుతుంది.
- ఆర్-5. ఓటీపీ మళ్లీ పంపమని 30 సెకన్ల తర్వాతే అడగొచ్చు.
- ఆర్-6. కొత్త ఓటీపీ పంపగానే పాతది చెల్లదు, కొత్తది చెల్లుతుంది.
- ఆర్-7. కొత్త పరికరం నుంచి గానీ, 90 రోజుల విరామం తర్వాత గానీ లాగిన్ అవుతుంటే, ఓటీపీ సరిపోయాక ఈమెయిల్ నిర్ధారణ కూడా అడగాలి.
- ఆర్-8. లాగిన్ పేజీ వేగంగా తెరుచుకోవాలి.

వాడిన సామాను: పైథాన్, పైటెస్ట్ (పైథాన్‌లో టెస్టులు నడిపేది), గిట్ (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచేది), పాన్‌డాక్ (పత్రాలను ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చేది), జేసన్ స్కీమా (గడుల పేర్లతో రాసే డేటాకు అచ్చు) ప్రకారం జవాబివ్వగల భాషా మోడల్ ఒకటి. పత్రం బయటికి పోకూడదనుకుంటే ఒల్లామా లాంటిదాంతో మోడల్‌ను సొంత మెషీన్ మీదే నడపొచ్చు. చిన్న మోడళ్లకు కింద చెప్పే తనిఖీల అవసరం ఇంకా ఎక్కువ. నిజమైన వాడుకరుల డేటా ఏ దశలోనూ ప్రాంప్ట్‌లోకి (మోడల్‌కు ఇచ్చే పాఠంలోకి) వెళ్లకూడదు. ఈ పనికి అది అక్కర్లేదు కూడా.

## దశ 1: పత్రం మొత్తం ఒకేసారి

"ఈ రిక్వైర్‌మెంట్లకు టెస్ట్ కేసులు రాయి" అని పత్రమంతా ఒకేసారి ఇవ్వడం అందరూ మొదట చేసే పనే. జవాబు చూడ్డానికి బాగుంటుంది. నంబర్లుంటాయి, స్టెప్పులుంటాయి, ఆశించిన ఫలితాలుంటాయి. ఒక్కో వరుసనూ పత్రం పక్కన పెట్టి చదివితే నాలుగు రకాల లోపాలు బయటపడతాయి.

1. పత్రంలో లేని ప్రవర్తన. లాక్ అవగానే వాడుకరికి ఈమెయిల్ వెళ్తుందనీ, ఓటీపీని ఇన్నిసార్లే మళ్లీ పంపమనొచ్చనీ, తప్పు ఓటీపీకి ఫలానా మాటలతో సందేశం కనిపిస్తుందనీ రాస్తుంది. వీటిలో ఒక్కటీ పై ఎనిమిది వాక్యాల్లో లేదు.
2. విలువ లేని విలువలు. "చెల్లుబాటయ్యే పేరు ఇవ్వండి" అంటుంది. ఏ పేరో, ఎన్ని అక్షరాలో చెప్పదు.
3. ఒకే టెస్టు మూడు వేషాల్లో.
4. ఎక్కడైనా అతికే టెస్టులు. ప్రతి గడికీ ఒక ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (ఇన్‌పుట్‌లో డేటాబేస్ ఆదేశం దూర్చే దాడి), ఒక ఖాళీ ఇన్‌పుట్, ఒక ఇమోజీ. అవి అవసరమే, కానీ వాటికి వేరే ఉమ్మడి చెక్‌లిస్టు ఉండాలి. ఇక్కడ కలిపితే సంఖ్య ఉబ్బుతుంది, కవరేజీ (పత్రంలో ఎంత భాగం పరీక్షకు వచ్చిందన్నది) పెరగదు.

మొదటిదే అన్నిటికన్నా ప్రమాదం. మోడల్ లెక్కలేనన్ని లాగిన్ పేజీల గురించి చదివి ఉంటుంది. పత్రం ఏమీ చెప్పనిచోట లాగిన్ పేజీలు మామూలుగా ఎలా ఉంటాయో అదే రాసేస్తుంది. ఆ టెస్టు ఫెయిలైతే బగ్ నమోదవుతుంది. "ఇది పత్రంలో ఎక్కడుంది?" అని డెవలపర్ అడుగుతాడు, చూపించడానికి ఏమీ ఉండదు. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి వచ్చిన అసలు బగ్‌ను కూడా ఎవరూ లెక్కచేయరు.

టెస్టు నిలవాలంటే దాని ఆశించిన ఫలితం పత్రంలో ఏ వాక్యం నుంచి వచ్చిందో చూపించాలని నియమం పెట్టాం. ఈ దశలో వచ్చినవాటిలో ఒక్కదానికీ ఆ వివరం లేదు.

చిట్టా: నిలిచిన టెస్టులు 0, ప్రశ్నలు (పత్రం బాధ్యులను అడగాల్సినవి) 0.

## దశ 2: పత్రాన్ని శుభ్రం చేయడం

మోడల్‌ను మార్చి చూసేముందు ఇన్‌పుట్‌ను మార్చడం మేలు. వర్డ్ ఫైల్‌ను మామూలు పాఠంగా మార్చేటప్పుడు జారిపోయేవి ఇవి:

1. ఆటోమేటిక్ హెడింగ్ నంబర్లు. తెర మీద 3.2.1 అని కనిపించేది ఫైల్‌లో అక్షరాలుగా ఉండదు, మార్చాక మాయమవుతుంది. అందుకే ప్రతి వాక్యానికీ ఆర్-1, ఆర్-2 అని ఐడీలు చేత్తో టైపు చేయాలి.
2. వ్యాఖ్యలు. పాన్‌డాక్‌ను మామూలుగా నడిపితే ట్రాక్ చేసిన మార్పులన్నిటినీ ఒప్పుకున్నట్టు లెక్కేసి, మార్జిన్‌లోని వ్యాఖ్యలను వదిలేస్తుంది. అసలు నిర్ణయాలు చాలాసార్లు ఆ వ్యాఖ్యల్లోనే ఉంటాయి. ట్రాక్ మార్పుల ఆప్షన్‌ను "అన్నీ" అని పెడితే అవీ వస్తాయి.
3. కొట్టివేతలు. ట్రాక్ చేయకుండా అడ్డగీత గీసి కొట్టేసిన వాక్యాన్ని కాపీ చేసి అతికిస్తే గీత పోతుంది, వాక్యం మిగులుతుంది. రద్దయిన రిక్వైర్‌మెంట్ బతికొస్తుంది.
4. కనిపించని అక్షరాలు. నాన్-బ్రేకింగ్ స్పేస్, జీరో విడ్త్ జాయినర్, వంకర కొటేషన్ మార్కులు. వీటి దెబ్బ తర్వాతి దశలో తగులుతుంది.

ఒక ఐడీ కింద ఒకే నియమం ఉండాలి. "అలాగే", "అంతేకాక" అని సాగే వాక్యాలను విరగ్గొట్టాలి. వాటిని అలాగే ఉంచితే మోడల్ మొదటి సగానికి టెస్టులు రాసి రెండో సగాన్ని మరిచిపోతుంది.

చిట్టా: టెస్టులు 0, ప్రశ్నలు 0. ఐడీ ఉన్న రిక్వైర్‌మెంట్లు 8.

## దశ 3: జవాబుకు అచ్చు, దానికి తనిఖీ

ఇకపై ఒక్కో ప్రాంప్ట్‌కు ఒక్క రిక్వైర్‌మెంట్, దాంతోపాటు పదాల నిర్వచనాల పట్టిక మాత్రమే. జవాబు జేసన్‌లో రావాలి. మొదట వేసుకున్న అచ్చు ఇలా ఉంది: టెస్టు పేరు, ముందస్తు స్థితి, ఇన్‌పుట్, ఆశించిన ఫలితం, ఆధార వాక్యం. ఐదూ తప్పనిసరి గడులు. ఇది రెండు చోట్ల విఫలమైంది.

ఒకటి, తప్పనిసరి గడి ఉంటే మోడల్ దాన్ని నింపి తీరాలి. స్కీమా వేరే దారి ఇవ్వదు. "తెలియకపోతే రాయకు" అని ప్రాంప్ట్‌లో ఎంత మొత్తుకున్నా, తెలియదని చెప్పే చోటు అచ్చులో లేకపోతే అది కల్పించక తప్పదు. అందుకని అచ్చును రెండు రూపాల్లో పెట్టాం. ఒక్కో వరుస "టెస్టు" అయినా కావాలి, "ప్రశ్న" అయినా కావాలి. ప్రశ్న రూపంలో ఆశించిన ఫలితం గడే ఉండదు.

రెండు, గడుల వరుస. మోడల్ మొదటి నుంచి చివరికి రాసుకుంటూ పోతుంది. ఫలితం ముందు రాసి ఆధారం తర్వాత వెతికితే, రాసేసిన ఫలితాన్ని సమర్థించే వాక్యాన్ని ఎక్కడో ఒకచోట పట్టుకొస్తుంది. ఆధార వాక్యం గడిని పైకి జరిపితే ఫలితం ఆ వాక్యానికి కట్టుబడుతుంది. ఖర్చు లేని మార్పు ఇది, అందరూ వదిలేసేదీ ఇదే.

చివరికి నిలిచిన గడుల వరుస: రిక్వైర్‌మెంట్ ఐడీ, ఆధార వాక్యం, వాడిన పద్ధతి, పారామీటర్ (పరీక్షించే అంశం), విలువ సూత్రం (ఇన్‌పుట్ విలువ వచ్చే లెక్క), ముందస్తు స్థితి, ఆశించిన ఫలితం.

వచ్చిన ప్రతి వరుస మీదా ప్రోగ్రామ్ చేసే తనిఖీ:

1. ఐడీ పత్రంలో ఉందా?
2. ఆధార వాక్యం ఆ ఐడీ కింద అక్షరం పొల్లుపోకుండా ఉందా? పోల్చేముందు రెండు వైపులా యూనికోడ్‌ను ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే అక్షరం ఎప్పుడూ ఒకేలా ఉండే రూపంలోకి) మార్చాలి, ఖాళీలన్నీ ఒకే స్పేస్‌గా కుదించాలి, కొటేషన్ మార్కులను ఒకే రకం చేయాలి. ఇది చేయకపోతే ఒక్క నాన్-బ్రేకింగ్ స్పేస్ వల్ల సరైన టెస్టు కూడా తిరస్కారానికి గురవుతుంది.
3. టెస్టులోని ప్రతి సంఖ్యా ఆధార వాక్యంలో ఉందా? యూనిట్లు మార్చే 60, 24, పక్క విలువకు వాడే 1 మాత్రమే మినహాయింపు. పత్రంలో "మూడు" అని అక్షరాల్లో ఉంటే ముందే అంకెల్లోకి మార్చాలి.
4. విలువ సూత్రం లెక్కకు వస్తుందా? దీనికి పైథాన్‌లోని ఇవాల్‌ను (పాఠాన్ని కోడ్‌గా నడిపే ఫంక్షన్) నేరుగా వాడొద్దు. మోడల్ రాసినదాన్ని అలా నడపడమంటే తలుపు తీసి పెట్టడమే. కూడిక, తీసివేత, గుణకారం, అక్షరాన్ని ఇన్నిసార్లు రాయడం మాత్రమే తెలిసిన చిన్న లెక్కింపు ఫంక్షన్ చాలు.

మూడో తనిఖీ వెంటనే పనికొచ్చింది. ఆర్-8కి మోడల్ "పేజీ 2 సెకన్లలో తెరుచుకోవాలి" అని రాసింది. ఆధార వాక్యంలో 2 లేదు కాబట్టి ఆ వరుస పడిపోయి ప్రశ్నగా మారింది: వేగంగా అంటే ఎన్ని సెకన్లు, ఏ నెట్‌వర్క్ మీద, ఎంతమంది వాడుతుండగా?

ఈ తనిఖీలు పట్టలేనిది ఒకటుంది. ఆధార వాక్యం నిజమే, సంఖ్యలూ అందులోవే, కానీ ఫలితం ఆ వాక్యం నుంచి రాదు. దాన్ని మనిషే చదవాలి. అయితే పత్రమంతా తిరగేయకుండా ఒక వాక్యం, ఒక ఫలితం పక్కపక్కన చూస్తే సరిపోతుంది.

చిట్టా: టెస్టులు 0, ప్రశ్నలు 1.

## దశ 4: హద్దు విలువలు

హద్దులను మోడల్‌నే ఎంచుకోమంటే ఒక దిక్కు రాసి రెండోది వదిలేస్తుంది. పేరుకు 2, 3 అక్షరాలు చూస్తుంది, 21 మరిచిపోతుంది. ఇంకో తంటా పొడవైన ఇన్‌పుట్‌తో. 21 అక్షరాల పేరు రాయమంటే 19 రాయొచ్చు, 22 రాయొచ్చు. మోడల్ చదివేదీ రాసేదీ టోకెన్లలో (పాఠం ముక్కల్లో). అక్షరాలను మనలా లెక్కపెట్టుకోదు.

పని విడదీశాం. పత్రం చదివి పారామీటర్ పేరు, కనిష్ఠం, గరిష్ఠం, యూనిట్, హద్దు కలుస్తుందో లేదో చెప్పడం మోడల్ వంతు. హద్దులో కలుస్తుందో లేదో వాక్యం చెప్పకపోతే "తెలియదు" అనాలి. విలువలు పుట్టించడం ప్రోగ్రామ్ వంతు: ప్రతి హద్దుకూ ఒకటి కింద, సరిగ్గా, ఒకటి పైన. 21 అక్షరాల పేరును మోడల్ రాయదు. "ఒక అక్షరం, 20+1 సార్లు" అన్న సూత్రం రాస్తుంది.

ఏ రిక్వైర్‌మెంట్ ఏమిచ్చిందంటే:

- ఆర్-1: 2, 3, 4, 19, 20, 21 అక్షరాలు. టెస్టులు 6.
- ఆర్-2: 5, 6, 7 అంకెలు, సున్నాతో మొదలయ్యే 6 అంకెలు, మధ్యలో అక్షరం దూరిన 6. టెస్టులు 5.
- ఆర్-3: 299, 301 సెకన్లు. టెస్టులు 2. సరిగ్గా 300వ సెకను దగ్గర చెల్లుతుందా లేదా అన్నది ప్రశ్న.
- ఆర్-4: 2 తప్పులకు లాక్ కాకూడదు, 3కి కావాలి. 2 తప్పులు, ఒక సరైన లాగిన్, మళ్లీ 2 తప్పులు చేస్తే కాకూడదు. 899వ సెకనుకు లాక్ ఉండాలి, 901కి పోవాలి. టెస్టులు 5. 900 ప్రశ్న.
- ఆర్-5: 29, 31 సెకన్లు. టెస్టులు 2. 30 ప్రశ్న.
- ఆర్-6: పాతది పనిచేయకూడదు, కొత్తది పనిచేయాలి. టెస్టులు 2.

ఆర్-2లో 5 అంకెల టెస్టుకు ఏదో ఒక సంఖ్య ఇస్తే చాలదు. అసలు ఓటీపీ 012345 అయినప్పుడు 12345 ఇచ్చి చూడాలి. కోడ్ ఎక్కడైనా ఓటీపీని పూర్ణాంకంగా మార్చుతుంటే ఈ ఒక్క విలువ దాన్ని పట్టిస్తుంది. ఇదే సున్నా టెస్టు ఫైల్‌లో కూడా ఇబ్బంది పెడుతుంది. వరుసలను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పాఠంగా) దాచి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే 012345 కాస్తా 12345 అవుతుంది, 3-20 అన్నది తేదీగా మారుతుంది. అసలు ఫైల్ జేసన్‌గానే ఉండాలి. ఎక్సెల్ కాపీ చూసుకోవడానికి మాత్రమే.

ఆర్-1 మామూలు హద్దులతో తేలలేదు. అక్షరం అంటే ఏమిటో పత్రం చెప్పదు. "క్షమ" అన్న పేరును తీసుకుంటే:

1. యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) బైట్లలో 12. తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ఒక్కొక్కటీ 3 బైట్లు.
2. కోడ్‌పాయింట్లలో 4: క, పొల్లు, ష, మ. పైథాన్‌లో పొడవు అడిగితే వచ్చేది ఇదే.
3. చూసే కంటికి 2. యూనికోడ్ 15.1 నియమాలు పాటించే లైబ్రరీ కూడా 2 అంటుంది. అంతకు ముందు నియమాలున్న లైబ్రరీ క్ష మధ్యలో విరిచి 3 అంటుంది.

కనిష్ఠం 3 కాబట్టి ఇదే పేరు ఒకచోట చెల్లుతుంది, ఇంకోచోట చెల్లదు. లైబ్రరీ వెర్షన్ మారితే ఫలితమూ మారిపోతుంది. తెలుగు పేర్లు తీసుకునే ఏ ఫారానికైనా ఈ ప్రశ్న మొదటిరోజే అడగాలి. జవాబు వచ్చేదాకా ఆర్-1 టెస్టులను మామూలు ఆంగ్ల అక్షరాలతోనే నడుపుతున్నాం. వాటికి మూడు లెక్కలూ ఒకటే.

ఇక్కడ చేసుకున్న ఊహ ఒకటి ఫైల్‌లో రాసి ఉంది: లాక్ అంటే సరైన ఓటీపీ ఇచ్చినా పనిచేయదు.

చిట్టా: టెస్టులు 22 (6+5+2+5+2+2), ప్రశ్నలు 5 (ముందున్న 1, హద్దులవి 3, అక్షరానిది 1).

## దశ 5: ఆర్-7కి నిర్ణయ పట్టిక

షరతులు మూడు: పరికరం కొత్తదా, విరామం దాటిందా, ఓటీపీ సరైనదా. రెండేసి విలువలు, మొత్తం 8 వరుసలు. మోడల్‌ను పట్టిక గీయమంటే వరుసలు ఎగరగొట్టింది. షరతుల పేర్లు మోడల్ ఇస్తే, వరుసలు ప్రోగ్రామ్ పుట్టించింది.

పట్టికను కుదించాలనిపిస్తుంది. ఓటీపీ తప్పయితే మిగతా రెండు షరతులూ ఎలా ఉన్నా ఫలితం ఒకటే కాబట్టి నాలుగు వరుసలను ఒకటి చేసి 5తో సరిపెట్టొచ్చు. అలా చేయలేదు. కోడ్ ఓటీపీ చూడకముందే ఈమెయిల్ నిర్ధారణ అడుగుతుంటే, ఆ తప్పు "కొత్త పరికరం, తప్పు ఓటీపీ" లాంటి వరుసల్లోనే కనపడుతుంది. పాత పరికరం వరుసను ఉంచి మిగతావి తీసేస్తే అది దాక్కుంటుంది. ఆటోమేషన్‌లో నడిచే టెస్టులకు మూడు వరుసలు మిగుల్చుకోవడం లెక్కలోకి వచ్చే ఆదా కాదు.

విరామం దాటలేదు అన్నచోట 89 రోజులు, దాటింది అన్నచోట 91 పెట్టాం. దాంతో హద్దుకు విడిగా టెస్టులు అక్కర్లేకపోయాయి. సరిగ్గా 90 రోజులు మళ్లీ ప్రశ్నే.

చిట్టా: టెస్టులు 30, ప్రశ్నలు 6.

## దశ 6: స్థితి పట్టిక

కొత్త టెస్టు ఒక్కటీ ఇవ్వని దశ ఇది. పత్రానికి మాత్రం అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది. మోడల్ స్థితులను, ఘటనలను ఏరింది. గడులన్నీ ప్రోగ్రామ్ గీసింది. ఒక్కో గడికీ ఆధార వాక్యం ఉందా అని మళ్లీ మోడల్‌నే అడిగి, దశ 3 తనిఖీలు నడిపాం.

| స్థితి | పంపమనడం | సరైన ఓటీపీ | తప్పు ఓటీపీ | గడువు తీరడం |
|---|---|---|---|---|
| మొదలు | ప్రశ్న | అసాధ్యం | ప్రశ్న | అసాధ్యం |
| ఓటీపీ కోసం ఆగింది | ఆర్-5, ఆర్-6 | ఆర్-7 | ఆర్-4 | ఆర్-3 |
| ఈమెయిల్ కోసం ఆగింది | ప్రశ్న | ప్రశ్న | ప్రశ్న | ప్రశ్న |
| లాక్ | ప్రశ్న | ప్రశ్న | ప్రశ్న | ఆర్-4 |

16 గడుల్లో ఆధారం ఉన్నవి 5, అసాధ్యాలు 2, పత్రం నోరు మెదపనివి 9. మొదటి గడి చూడండి. లాగిన్ మొదట్లో ఓటీపీ పంపాలి అన్న వాక్యమే పత్రంలో లేదు. ఎస్సెమ్మెస్‌లోనా, ఈమెయిల్‌లోనా అన్నదీ లేదు. చదివే ప్రతి మనిషీ దాన్ని మనసులోనే నింపుకుంటాడు కాబట్టి ఎవరికీ కనపడలేదు. ఈమెయిల్ వరుస మొత్తం ఖాళీ. నిర్ధారణ లింకు ఎంతసేపు చెల్లుతుంది? ఈలోగా అదే ఓటీపీ మళ్లీ వాడితే? ఆర్-7 రాసినవాళ్లు "అడగాలి" దగ్గరే ఆగిపోయారు.

లాక్ గడుల్లో మొదట మోడల్ "తిరస్కరించాలి" అని నింపుకుంటూ పోయింది, ఆధారంగా ఆర్-4నే చూపించింది. వాక్యం నిజమే, సంఖ్యల గొడవా లేదు, తనిఖీలన్నీ దాటింది. దశ 3 చివర చెప్పిన రకం ఇదే. చదివి, చేత్తో ప్రశ్నలుగా మార్చాల్సి వచ్చింది. దశ 4లో రాసుకున్న ఊహ కూడా వీటిలో ఒక ప్రశ్నగా చేరింది.

చిట్టా: టెస్టులు 30, ప్రశ్నలు 15.

## దశ 7: జంటలు

ఒక్కో రిక్వైర్‌మెంట్‌ను విడిగా ఇచ్చినందుకు మూల్యం ఉంది. రెండిటి మధ్య పడే చిక్కులు కనపడవు. ఆర్-8ని పక్కన పెడితే ఏడింటికి 21 జంటలు. ఒక్కో జంటనూ ఇచ్చి "ఇవి ఎక్కడైనా తాకుతాయా?" అంటే మోడల్ ప్రతిదానికీ అవుననే అంటుంది. పేరు పొడవుకూ ఓటీపీ గడువుకూ సంబంధం కలిపేస్తుంది. "సంబంధం లేదు" అన్న జవాబును అచ్చులో మొదటి ఎంపికగా పెట్టి, అవునంటే రెండు రిక్వైర్‌మెంట్ల నుంచీ ఆధార వాక్యాలు ఇవ్వాలనీ, రెండిట్లోనూ ఉన్న ఒకే వస్తువు పేరు చెప్పాలనీ షరతు పెట్టాక చాలావరకు దారికొచ్చింది.

చదివి ఉంచినవి రెండు:

1. ఆర్-2, ఆర్-4: 5 అంకెలు ఇస్తే అది తప్పు ఓటీపీగా లెక్కకొస్తుందా? లేక లెక్కలోకి రాకుండానే వెనక్కి పోతుందా?
2. ఆర్-4, ఆర్-6: రెండు తప్పుల తర్వాత కొత్త ఓటీపీ తెప్పించుకుంటే లెక్క మళ్లీ సున్నా నుంచా? అలాగైతే లాక్ ఎప్పటికీ పడకుండా ఊహిస్తూ పోవచ్చు.

"ఇంకేమైనా మిగిలిందా?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి ఇస్తుంది, చాలు అనదు.

చిట్టా: టెస్టులు 30, ప్రశ్నలు 17.

## దశ 8: నకళ్ల ఏరివేత

ఒకే ప్రాంప్ట్ రెండుసార్లు నడిపితే రెండు రకాల జవాబులు రావొచ్చు. టెంపరేచర్ (జవాబు ఎంత మారొచ్చో నిర్ణయించే అమరిక) సున్నా పెట్టినా హామీ లేదు. అందుకే పలుమార్లు నడిపి కలుపుకుంటాం, నకళ్లు అక్కడే పుడతాయి.

ఎంబెడింగ్‌లతో (పాఠం అర్థాన్ని సంఖ్యలుగా మార్చి) పోలిక కొలిచి ఏరేయడం ఈ పనికి సరిపోలేదు. "20 అక్షరాల పేరు", "21 అక్షరాల పేరు" అన్న రెండు టెస్టుల పాఠం దాదాపు ఒకటే. పోలిక కొలత వాటిని నకళ్లంటుంది, కానీ ఒకటి చెల్లాలి, ఒకటి చెల్లకూడదు. అటు "ఖాతా లాక్ అవ్వాలి", "ఇక లాగిన్ కుదరకూడదు" అన్నవి ఒకే టెస్టు అయినా పోలిక తక్కువ చూపించొచ్చు. పాఠాన్ని వదిలి, రిక్వైర్‌మెంట్ ఐడీ, పారామీటర్, లెక్కకట్టిన విలువ, ముందస్తు స్థితి ఈ నాలుగిటినీ కలిపి కీగా చేసుకుంటే సమస్య తీరింది. పారామీటర్ పేర్లు, స్థితుల పేర్లు ముందే ఇచ్చిన జాబితా నుంచే రావాలి, లేకపోతే కీలు కలవవు.

గివెన్, వెన్, దెన్ (ఇలా ఉండగా, ఇది చేస్తే, అది జరగాలి) వాక్యాల్లోకి మార్చడాన్ని చివరికి నెట్టాలి. మోడల్‌కు ఆ శైలి బాగా ఇష్టం. మొదట్లోనే దానిలో రాయనిస్తే విలువలన్నీ వాక్యాల్లో మునిగిపోతాయి.

చిట్టా: మార్పు లేదు. టెస్టులు 30, ప్రశ్నలు 17.

## దశ 9: టెస్టులకే పరీక్ష

పత్రం ప్రకారం చిన్న నమూనా కోడ్ రాసి, గడియారాన్ని బయటి నుంచి జరపగలిగేలా పెట్టి, కావాలని ఒక్కో తప్పు చొప్పించి 30 టెస్టులూ నడిపాం. గడియారం చేతిలో లేకపోతే 901 సెకన్ల టెస్టును ఎవరూ రోజూ నడపరు.

చొప్పించిన తప్పులు 13. దొరికినవి 8: కనిష్ఠంలో 3ను వదిలేయడం, గరిష్ఠం 21 చేయడం, ఓటీపీని పూర్ణాంకంగా దాచడం, సరైన లాగిన్ తర్వాత తప్పుల లెక్క సున్నా చేయకపోవడం, పాత ఓటీపీని రద్దు చేయకపోవడం, ఆర్-7లో "గానీ" బదులు రెండూ ఉండాలనడం, ఓటీపీ కన్నా ముందే ఈమెయిల్ అడగడం, 30 సెకన్ల నిబంధన ఎత్తేయడం.

దొరకనివి 5. వాటిలో నాలుగు ఊహించినవే: 300, 900, 30 సెకన్లు, 90 రోజుల దగ్గర సమానం గుర్తును అటూ ఇటూ మార్చడం. వాటికి టెస్టులే లేవు, ప్రశ్నలున్నాయి.

ఐదోది ఊహించనిది. లాక్ వ్యవధిని 15 నిమిషాల నుంచి 6 నిమిషాలకు తగ్గించాం. అన్ని టెస్టులూ పాసయ్యాయి. 899వ సెకనుకు సరైన ఓటీపీ ఇస్తే తిరస్కరించాలన్న టెస్టు ఉంది కదా? తిరస్కరించింది. కానీ లాక్ వల్ల కాదు. ఆర్-3 ప్రకారం ఆ ఓటీపీ గడువు 300వ సెకను దగ్గరే తీరిపోయింది. లాక్ ఉన్నా లేకపోయినా ఆ టెస్టు పాసే అవుతుంది. ఆధార వాక్యం సరైనది, సంఖ్యలు సరైనవి, చదివినప్పుడూ తప్పనిపించదు, జంటల దశలోనూ బయటపడలేదు.

బాగుచేయాలంటే లాక్ ఉండగా తాజా ఓటీపీ తెప్పించాలి. లాక్‌లో పంపమంటే ఏమవ్వాలో స్థితి పట్టికలో ప్రశ్నగా ఉంది. అంటే ఈ టెస్టు ఆ జవాబు కోసం ఆగాలి.

చిట్టా: టెస్టులు 30 (అందులో పనికిరానిది 1), ప్రశ్నలు 17, దొరికిన తప్పులు 13లో 8.

## దశ 10: ఐదు జవాబులు

పత్రం బాధ్యులు ముందు తేల్చినవి ఐదు: నాలుగు హద్దుల దగ్గర ఏమవ్వాలి, లాక్‌లో ఓటీపీ పంపమంటే ఏమవ్వాలి. చివరిదానికి జవాబు: పంపకూడదు. ఐదూ పత్రంలోకి వాక్యాలుగా ఎక్కాకే టెస్టులు పుట్టించాం. మాటల్లో విన్నదాన్ని ఆధార వాక్యంగా రాయకూడదు.

1. నాలుగు హద్దులకు నాలుగు టెస్టులు చేరాయి.
2. 899 టెస్టు మారింది. ఇప్పుడది ఓటీపీ ఇచ్చి చూడదు, పంపమని అడిగి తిరస్కరణ కోసం చూస్తుంది. 901లో పంపమంటే రావాలి.
3. 3 తప్పుల వెంటనే పంపమని అడిగి లాక్ చూసే టెస్టులో, చివరి ఓటీపీ పంపిన దగ్గర్నుంచి 31 సెకన్లు గడిచేలా గడియారం జరపాలి. లేకపోతే ఆర్-5 తిరస్కరిస్తుంది, లాక్ పనిచేసినట్టు కనిపిస్తుంది. 899 కథే, వేరే చోట.

తిరస్కరణను ఆశించే ప్రతి టెస్టుకూ "ఏ కారణంతో తిరస్కరించింది" అన్న గడి చేర్చాం. కోడ్ కారణం బయటపెట్టకపోతే లాగ్ నుంచైనా తీయాలి.

చిట్టా: టెస్టులు 34, తేలని ప్రశ్నలు 12, దొరికిన తప్పులు 13లో 13.

## దశ 11: పత్రం మారినప్పుడు

ప్రతి టెస్టు పక్కనా ఆ రిక్వైర్‌మెంట్ పాఠం హ్యాష్ (పాఠం నుంచి లెక్కకట్టిన గుర్తు, పాఠం మారితే ఇదీ మారుతుంది), ప్రాంప్ట్ వెర్షన్, మోడల్ పేరు గిట్‌లో ఉంటాయి. పత్రం మారితే అన్నీ మళ్లీ పుట్టించం. హ్యాష్ మారిన ఐడీ టెస్టులు మాత్రమే మోడల్ దగ్గరికి వెళ్తాయి.

ఆర్-4లో 3ను 5 చేసి చూశాం. కోడ్ కూడా 5కి మారింది. 3 తప్పులకు లాక్ పడాలన్న టెస్టు వెంటనే ఫెయిలైంది, అది మంచిదే. "2 తప్పులకు లాక్ కాకూడదు" అన్నదీ, "2 తప్పులు, సరైన లాగిన్, మళ్లీ 2 తప్పులు" అన్నదీ పాసవుతూనే ఉన్నాయి. మొదటిది ఇప్పుడు హద్దు మీద లేదు. రెండోదాంట్లో మొత్తం తప్పులు 4, లెక్క సున్నా చేయకపోయినా 5కి చేరదు. పాసవుతున్నాయి కాబట్టి రిపోర్టులో పచ్చగానే కనిపిస్తాయి, ఎవరూ తెరిచి చూడరు.

వీటిని పట్టింది దశ 3లోని రెండో తనిఖీ. ఆర్-4 మీద ఆధారపడ్డ 6 టెస్టుల్లో (మొదటి 5, తర్వాత చేరిన 900) పాత వాక్యాన్నే ఆధారంగా చూపుతున్న 5 కొత్త పత్రంలో ఆ వాక్యం దొరక్క పడిపోయాయి. 900 టెస్టు దశ 10లో చేరిన వేరే వాక్యం మీద నిలబడింది కాబట్టి ఆ తనిఖీ దాన్ని పట్టలేదు. ఐడీ హ్యాష్ పట్టింది. అందుకే రెండు తనిఖీలూ ప్రతి బిల్డ్‌లో (కోడ్‌ను మళ్లీ తయారుచేసే ప్రతిసారీ), టెస్టులకన్నా ముందు నడుస్తాయి.

చిట్టా: టెస్టులు 34, మళ్లీ పుట్టించాల్సినవి 6, తేలని ప్రశ్నలు 12.